ఉడుకునీళ్ళలో చౌడమ్మ చెయ్యి

“అమ్మా, ఈ సంచి రవంత ఒళ్ళో పెట్టుకుంటారా?”

బాగేపల్లి నుంచి చేలూరు మీదుగా చింతామణి పోయే బస్సు అప్పుడే చాకవేలు దాటింది. అడిగినవాడు పైకమ్మీ పట్టుకుని వేలాడుతున్న ముప్పయ్యేళ్ళ మనిషి. చౌడమ్మ ఒళ్ళో చోటు చేసింది. నిలబడ్డవాళ్ళ బరువు కూర్చున్నవాళ్ళు మొయ్యడం ఆ దారిలో ఎవరూ రాసిపెట్టని చట్టం. పాలక్యాను, కాళ్ళు కట్టిన కోడిపుంజు, ఒక్కోసారి చంటిబిడ్డ కూడా ముక్కూ మొహం తెలియని ఒళ్ళో ప్రయాణం చేసి, దిగేచోట సొంతవాళ్ళను చేరుకోవడం మామూలే. అలా వచ్చిన మూటలో ఏముందోనని తొంగిచూడటం మాత్రం మర్యాద కాదు.

చౌడమ్మ చూడాలని చూడలేదు. సంచి జిప్పు పాడైపోయి నోరు తెరుచుకుని ఉంది. లోపల ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. పై కాగితం నెత్తిన బెంగళూరు పెద్దాస్పత్రి గుర్తు. పన్నెండేళ్ళ కిందట అదే గుర్తున్న దుప్పటి కప్పుకుని ఆమె పంతొమ్మిది రోజులు పడుకుంది. గుర్తు కింద కన్నడంలో టైపు కొట్టిన వరస: చౌడమ్మ, కోం ఆంజనేయప్ప, మిట్టేమరి, బాగేపల్లి తాలూకు.

‘కోం’ అంటే ఫలానావాడి భార్య అని, కచేరీ కన్నడం. ఏడో తరగతి దాకా చదివిన చౌడమ్మకు ఆ వరస చదవడానికి రెప్పపాటు చాలు. చదివాక మాత్రం ఊపిరి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

వెతుక్కుంటూ వచ్చేశారు. ఎవరు చెప్పారు వీళ్ళకి? కట్టుకున్నవాడికే చెప్పలేదే!

ఆమె కొంగు లాక్కుని మెడ వెనక నిండా కప్పుకుంది. అక్కడ జుట్టుముడి కింద నుంచి వీపు మీదికి జానెడు పొడుగు కోత ఉంది.

అంతలో కండక్టర్ నాగేశ్ జనాన్ని చీల్చుకుంటూ వచ్చాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి ఆ దారిలో మగవాళ్ళు నిలబడటం, ఆడవాళ్ళు కూర్చోవడం రివాజైపోయింది. ఆ ఉక్రోషం మగవాళ్ళు మూతి విరుపుల్లో చూపిస్తారు, నాగేశ్ నోటితో చూపిస్తాడు.

“ఆధార్ తియ్యండమ్మా, ఆధార్! మొన్న ఒకాయమ్మ అత్త కార్డు చూపిచ్చె. ఫొటోలో అత్త నవ్వుతాండాది, సీట్లో ఈయమ్మ మూతి ముడుచుకోని ఉండాది. అట్లనే తెలిసిపాయె!”

బస్సంతా నవ్వింది. చౌడమ్మ పేరు మీద బొటనవేలు పెట్టి కార్డు చూపింది.

“వేలు తియ్యమ్మా, దేవుని పటం మాదిరి దాచుకుంటాండావు.”

తీసింది. సంచి మనిషి తన మీదికే వంగి ఉన్నాడు. నాగేశ్ కార్డును, ఆమెను ఒకసారి చూశాడు.

“ఫొటోలో కళకళలాడుతాండావు కదమ్మా! ఇప్పుడేం ఇట్ల వాడిపోతివి?” అని సున్నా టికెట్టు చించి ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆమె కార్డును గబుక్కున తన సంచిలోకి తోసేసింది. బయటికి కూడా కనిపిస్తోందా ఏమిటి?

చౌడమ్మ కథ తెలియాలంటే ముందు పట్టు షెడ్డు తెలియాలి. చింతామణిలో గోవిందప్ప షెడ్డులో ఇరవై ఏళ్ళుగా, మొదట్లో మిట్టేమరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోతూ, ఆమె పట్టుగూళ్ళ నుంచి దారం తీస్తోంది. మరిగే నీళ్ళలో గూళ్ళు వేసి ఉడికిస్తారు. బంక కరిగాక నీళ్ళలో వేలు పెట్టి, కంటికి ఆనని కొసను పట్టి పైకి లాగి, ఆరేడు గూళ్ళ కొసలు కలిపి చక్రానికి ఎక్కించాలి. ఒక్కొక్క గూట్లో ఉండేది ఒకటే పోగు. పురుగు దాన్ని నోటితో కక్కుతూ తన చుట్టూ తానే మూసుకుంటుంది. విప్పితే అర మైలు నుంచి మైలు దాకా పొడుగు. లోకంలో ఎన్నో దేశాల రాణులు కట్టిన పట్టుబట్టలన్నీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒక ఆడమనిషి కాలిన వేళ్ళ మీదుగా వచ్చినవే. చరిత్ర పుస్తకాలు రాణుల పేర్లు రాసి, వేళ్ళను వదిలేశాయి.

షెడ్డులో ప్రతి మనిషి పక్కనా ఒక చన్నీళ్ళ గిన్నె ఉంటుంది. ఉడుకునీళ్ళలో ముంచిన వేళ్ళను నిమిషానికోసారి అందులో పెట్టి చల్లార్చుకోవాలి. చౌడమ్మకు ముప్పయ్యేళ్ళు దాటాక ఆ గిన్నె అక్కరలేకపోయింది. మరిగే నీళ్ళలో చెయ్యి పెట్టి, ఇంట్లో బియ్యం కడిగినంత తీరిగ్గా కొసలు ఏరేది. షెడ్డంతా నోరు తెరుచుకుని చూసింది. వార్త ఆమె పుట్టిల్లు చాకవేలుకు చేరింది. ఊరి అమ్మవారు చౌడేశ్వరి. ఆమె పేరే పెట్టుకున్న ఆడపడుచు చేతికి నిప్పు సోకడం లేదంటే, ఇక వేరే నిదర్శనం ఎవరికి కావాలి?

జాతరలో అమ్మవారి ముందు కుడిచేత్తో వేపమండ పట్టుకుని, ఎడమ అరచేతిలో కర్పూరం వెలిగించుకుని గుడి చుట్టూ మూడు చుట్లు తిరగడం అక్కడి మొక్కు. తక్కినవాళ్ళు కర్పూరం కింద తమలపాకు పెట్టుకుంటారు. చౌడమ్మ ఆకు లేకుండా తిరిగింది. ముసలివాళ్ళు ఆమె కాళ్ళకు మొక్కారు. మర్నాడు అరచేతిలో బొబ్బలు లేస్తే అమ్మ ముద్దు పెట్టుకుందన్నారు. అలా మూడు జాతరలు జరిగాయి. ఆ మూడేళ్ళూ ఆమె మెడలోపల ఒక గడ్డ మెల్లగా పెరుగుతూ ఉంది.

మనిషి వెన్నుపాము అంతా చేసి చిటికెనవేలంత లావు. దాని నడిమధ్య దారం లాంటి సన్నటి గొట్టం ఉంటుంది. చేతులు పంపే వేడి కబురు, నొప్పి కబురు ఆ గొట్టానికి ముందువైపు నుంచి అడ్డంగా దాటుకుని ఆవలి పక్కకు పోయి, అక్కడి నుంచి మెదడుకు ఎక్కుతాయి. స్పర్శ కబురు వేరే దారిన, వెనక నుంచి పోతుంది. ఆ గొట్టం గోడలో గడ్డ పుట్టి ఉబ్బిందంటే ముందుగా నలిగేది అడ్డదారిన పోయే కబుర్లే. అందుకే చెయ్యి పోగును పడుతుంది, ముడి వేస్తుంది. కాలుతున్న సంగతి మాత్రం ఎరగదు. లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు. వెనకటికి ఎన్ని ఊళ్ళలో ఎంతమందిని ఇలా దేవతల్ని చేసి కూర్చోబెట్టారో చెప్పగలిగినవాళ్ళు లేరు.

నాలుగో ఏడు కాళ్ళు బిగుసుకున్నాయి. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. బావి దగ్గర రెండుసార్లు పడిపోయాక మొగుడు ఆంజనేయప్ప దేవుళ్ళనూ మనుషులనూ లెక్కచెయ్యకుండా బెంగళూరు తీసుకుపోయాడు. పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ పటం చూపించి “బెన్నుహురిలో గడ్డ” అంది కన్నడంలో. చింతామణిలో హురి అంటే పేనిన పట్టుదారం. తన వెన్నులో ఒక పట్టుదారం ఉందనీ, దానికి ముడి పడిందనీ, విప్పబోతే తెగినా తెగవచ్చనీ చౌడమ్మ అర్థం చేసుకుంది. ఆ అర్థంలో తప్పేమీ లేదు.

విప్పారు. తెగలేదు. ఆరునెలల తరువాత ఒక పొద్దున షెడ్డులో అలవాటుగా కుడిచెయ్యి ముంచి “అబ్బా!” అని కెవ్వుమంది. కూర్చున్నచోటే ఏడ్చింది. అంత సంతోషం ఆమె పెళ్ళినాడు కూడా ఎరగదు. షెడ్డువాళ్ళు మాత్రం అయ్యో పాపమన్నారు. “అమ్మ నీ చెయ్యి ఇడిసేసింది చౌడక్కా” అని పక్క చక్రం అంబిక ముక్కు చీదింది. గోవిందప్ప ఆమె పక్కన చన్నీళ్ళ గిన్నె పెట్టించాడు. కొన్నాళ్ళకు ఎడమచేతికి కూడా వేడి తెలియసాగింది. మూడేళ్ళు ఏడాదికోసారి పోయి స్కానింగు సొరంగంలో పడుకుని వచ్చింది. ఆ సొరంగం చప్పుడు అచ్చం చక్రాల షెడ్డులా ఉంటుంది. పోయిన ప్రతిసారీ లోపలికి పోయే ముందే సగం చచ్చేది. ఏమీ లేదన్నారు. ఆ తరువాత చింతామణికి కాపురం మార్చారు, ఫోను నంబరు మారింది, ఆమె పోవడం మానేసింది.

రెండు నెలల కిందట ఒకనాడు మధ్యాహ్నం అంబిక ఆమె గిన్నెలోకి తొంగిచూసింది.

“చన్నీళ్ళు ముట్టనే లేదే చౌడక్కా! పొద్దున్నుంచి ఎడమచెయ్యి ఉడుకునీళ్ళలోనే ఉండాది. అమ్మ తిరిగొచ్చినట్టుండాదే!”

షెడ్డంతా చేతులు జోడించింది. చౌడమ్మకు మాత్రం వెన్నులో మంచుగడ్డ పెట్టినట్టయింది. ఆనాటి నుంచి రోజూ తెల్లారి ఎవరూ రాకముందే షెడ్డుకు పోయి ఒక్కొక్క వేలూ ముంచి చూసుకుంటోంది. కుడిచెయ్యి బాగుంది. ఎడమచేతి చిటికెనవేలు పోయింది. పక్క వేలు పోయింది. పోయిన సోమవారం నడిమి వేలు.

ఎవరికీ చెప్పలేదు. వార్త మాత్రం దానంతట అదే చాకవేలు చేరింది. నిన్న అన్న రామాంజినప్ప కబురు పెట్టి పిలిపించాడు. ఈ పొద్దు ఊరి పెద్దలందరి ముందూ పసుపుగుడ్డలో వక్కా ఆకూ పసుపుకొమ్మూ పెట్టి తాంబూలం ఇచ్చాడు. వచ్చే మంగళవారం జాతర. మళ్ళీ ఆకు లేకుండా కర్పూరం పట్టాలి. పన్నెండేళ్ళ తరువాత అన్న కళ్ళలో ఆ గర్వం చూసి, ఆమె రెండు చేతులా తీసుకుంది. తీసుకుంటే మాట ఇచ్చినట్టే. తాంబూలం తిప్పి పంపిన మనిషి మొహం ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ చూడరు.

గడప దాటాక వదిన వెనక నుంచి కేకేసింది. “ఏమమ్మా, చెప్పు ఈడ్నే ఇడిసిపోతాండావు!” చూస్తే ఎడమకాలి చెప్పు నాలుగడుగుల వెనక పడి ఉంది. ఆ నాలుగడుగులూ ఉత్త కాలితో నడిచినట్టు ఆమెకు తెలియలేదు. “పోయొస్తా వదినా” అనబోయి అనలేకపోయింది. తిరిగి రావడం తన చేతిలో ఉన్నట్టు ఆ మాట అనడానికి నోరు రాలేదు.

ఇప్పుడు ఆ తాంబూలం ఆమె సంచిలో ఉంది. ఆస్పత్రి కాగితం ఒళ్ళో ఉంది.

ఒక పల్లె దగ్గర పక్క సీటు ఖాళీ అయింది. సంచి మనిషి కూర్చుని తన సంచి తీసుకున్నాడు.

“చానా ఉపకారమమ్మా. మీది యాడ?”

“చింతామణే.”

“పేరు?”

“అంబిక.” నోటికి వచ్చిన మొదటి పేరు అదే.

“నాది మంచేనహళ్ళి పక్కన. ధనుంజయ అంటారు. పెద్దాస్పత్రిలో పని. మనుషుల్ని వెతికేది.”

ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగాడు. “పోలీసాయప్ప మాదిరి లేవే! ఇంత సన్నంగా ఉండావు, దొంగ ఉఫ్ అని ఊదితే పడిపోతావు.”

“దొంగలు కాదు తాతా. ఎప్పుడో ఆపరేషన్ అయి మళ్ళా రాకుండా పోయినోళ్ళు. వెన్నుపాములో, మెదడులో అరుదుగా వచ్చే గడ్డలు. ఇన్నేళ్ళల్లో మా ఆస్పత్రికి అట్లాంటోళ్ళు అరవైమంది చిల్లర వచ్చినారు. వాళ్ళు ఎట్లుండారు, నడుస్తాండారా, పని చేసుకుంటాండారా, మళ్ళా వచ్చిందా అని మా డాక్టరమ్మ పరిశోధన చేస్తాండాది. ఫోన్లు ఎత్తనోళ్ళ ఇండ్లకి నేను పోతాను.”

“ఎత్తకుంటే వాళ్ళకి ఇష్టం లేదని కదా!” అంది చౌడమ్మ. అన్నాక నాలుక కరుచుకుంది.

ధనుంజయ నవ్వాడు. “అదీ నిజమే. ఈ పొద్దు మిట్టేమరికి పోయినానమ్మా. ఒకాయమ్మ కోసం. ఇల్లు బీగం. పక్కింటాయమ్మ ‘ఆమె చచ్చిపోయి చానా దినాలాయె’ అనె. ఎదురింటాయప్ప ‘చింతామణికి పోయినారు’ అనె. ఇంకో అవ్వ ‘ఆమెకి దేవర వచ్చింది, ఇప్పుడు మనిషి కాదు’ అనె. నా కాగితంలో ఉండేది మూడే గళ్ళు: ఉన్నారు, లేరు, దొరకలేదు. దేవర అయినోళ్ళని ఏ గడిలో రాసేది?”

ముసలాయన పకపకా నవ్వాడు. చౌడమ్మ కిటికీ వైపు తిరిగింది. తాను చచ్చిపోయిన సంగతి తన ఊరి పక్కింటామె నోట బయటపడింది. ఎండకు నవిసిన టమాటా తోటలు, గోనెపట్టా తెరలు దించిన పట్టుపురుగుల ఇళ్ళు వెనక్కి పోతున్నాయి.

“దొరకలేదు అని రాసుకోరాదా?” అంది అటే చూస్తూ.

“రాసుకోవచ్చు. ఎవరూ తిట్టరు. కానీ బాగున్నోళ్ళు పని ఉండాదని రారు. బాగలేనోళ్ళు భయపడి రారు. వచ్చినోళ్ళని మాత్రం చూసి పుస్తకం రాసుకుంటే, రేపు ఇంకొకాయమ్మ వచ్చి ‘నా గతేమి’ అని అడిగితే డాక్టరమ్మ చెప్పేది ఉత్త గాలిమాట అయితాది.”

వైద్యగ్రంథాలు రాసినవాళ్ళకు ఈ చిక్కు పాతదే. మందు పుచ్చుకుని బతికినవాడు తిరిగి వచ్చి దండం పెడతాడు. పోయినవాడు వచ్చి తిట్టలేడు. పుస్తకంలోకి దండాలే ఎక్కుతాయి.

చౌడమ్మ కిటికీ మీంచి చూపు తిప్పకుండానే అడిగింది. “మా షెడ్డులో ఒకాయమ్మకి అట్లాంటిదే అయిండె. మెడకాడ కోసిండారు. మళ్ళా వస్తాదా, అది?”

ధనుంజయ మొహంలో నవ్వు పోయింది. “కొందరికి వస్తాదమ్మా. పదేండ్లకి, పదైదేండ్లకి కూడా.”

“వస్తే మళ్ళా కోస్తారా?”

“చూసి చెప్తారు. కొందరికి కోస్తారు, కొందరికి రేడియేషన్ కరెంటు పెడతారు, కొందరిని ఊరికే చూస్తాంటారు.”

“రెండోసారి కోస్తే కాళ్ళు పోతాయంట.”

“పోవచ్చు. పోవు అని నేను చెప్తే అబద్ధమైతాది. నేను డాక్టర్ని కాదు. కానీ ఇన్ని ఇండ్లు తిరిగినాను కదా, ఒకటి చూసినాను. నడిచి వచ్చినోళ్ళు చానామంది నడిచే ఇంటికి పోయినారు. మంచం మీద మోసుకొచ్చినోళ్ళు...” అని ఆగి, సంచి పట్టీ సర్దుకున్నాడు.

చౌడమ్మ చెప్పులో ఎడమకాలి వేళ్ళు ముడిచింది. ముడుచుకున్నాయో లేదో తెలియక వంగి చూసింది. ముడుచుకున్నాయి.

“మా మంచేనహళ్ళి దిక్కున ఒకాయమ్మ ఉండాది,” అన్నాడు ధనుంజయ. “పేరు చెప్పకూడదు లెండి. మొదటిసారి బాగయి, నడిచి ఇంటికి పోయె. ఏడేండ్లకి ఉడుకు తెలీడం మళ్ళా తగ్గె. ఆవులు ఈనాల, మేత కోయాల అని రెండేండ్లు కాచుకోనె. పడిపోయినాక తీసుకొచ్చిరి. ఇప్పుడు కుర్చీలోనే. డైరీలో పాలు పరీక్ష చేసే పని చేస్తాది. నోరు మాత్రం తగ్గలా. నన్ను చూసీచూడంగానే ఒక దూడ పేరు పెట్టేసె!”

చౌడమ్మ చటుక్కున అతని వైపు తిరిగింది. పన్నెండేళ్ళ కిందట ఆమె పడుకున్న వార్డులో పన్నెండు మంచాలుండేవి. పక్క మంచం ప్రేమ ఒక్కొక్క మంచానికీ ఇంటి దగ్గరి ఆవుల పేర్లు పెట్టింది. సూదుల నర్సు పొడిచే ఆవు. మూలమంచం ముసలమ్మ కబిలి. చౌడమ్మ గంగి. కోత మంటకు నవ్వలేక, నవ్వు ఆపుకోలేక ఇద్దరూ దిండ్లు కొరికేవాళ్ళు. ఒకే దినం ఇంటికి పోయారు. వార్డు గుమ్మం దాకా పోటీపడి నడిచారు. ప్రేమే గెలిచింది.

“ఆయమ్మ వార్డులో గంగి అని ఇంకొకాయమ్మ ఉండేదంట. అసలు పేరు అడిగితే మర్చిపోయినానని చెప్పె,” అన్నాడు ధనుంజయ. “దొరికితే ఒకటే అడగమనె. ఉడుకు తెలుస్తాండాదా అని. తెలీకుంటే నా మాదిరి కాచుకోవద్దని చెప్పు అనె. గంగి అని ఎవురూ నా పట్టీలో లేరు. ఏమని వెతికేది?”

చేలూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. చౌడమ్మ గాలి కోసం దిగింది. ధనుంజయ హోటలు ముందు నిలబడి రెండు టీలు చెప్పి, ఒకటి ఆమెకు అందించాడు. స్టీలు లోటాలో పొంగుతున్న టీ. తన లోటాను అతను అంచుల దగ్గర పట్టుకుని, ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చి, చివరికి జేబురుమాలు చుట్టాడు.

“ఏం కాల్చినాడప్పా ఈయప్ప! ఇనుము కరగబెట్టినట్టుండాది.”

చౌడమ్మ మనసు మంచేనహళ్ళిలో ఉంది. కుర్చీలో కూర్చున్న ప్రేమ కాళ్ళు ఎలా ఉంటాయోనని తలుచుకుంటోంది. ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు. తలెత్తేసరికి ధనుంజయ మాట్లాడటం మానేశాడు. అతను చూస్తున్నది ఆమె ఎడమచేతిని. ఆ చేతి అయిదు వేళ్ళూ లోటా చుట్టూ నిండుగా, పిల్లవాడి చెయ్యి పట్టుకున్నంత నెమ్మదిగా మూసుకుని ఉన్నాయి. వేళ్ళ అంచున చర్మం కందిపోయింది. చూపుడువేలికీ బొటనవేలికీ నిన్నటి దాకా వేడి తెలిసేది.

“అమ్మా,” అన్నాడు చాలా మెల్లగా, “లోటా కుడిచేతికి మార్చుకోండి.”

మార్చుకుంది. మరుక్షణం ఉలిక్కిపడి వదిలేసింది. లోటా రాళ్ళ మీద పడి దొర్లింది, టీ ఇద్దరి కాళ్ళ మీదా చిందింది. హోటలాయన “ఏమమ్మా, ఏమాయె?” అని కేకేశాడు. అతను కాలు వెనక్కి లాక్కున్నాడు. ఆమె ఎడమకాలు కదల్లేదు.

ధనుంజయ వంగి లోటా తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె మెడవైపు చూడలేదు, పేరు మళ్ళీ అడగలేదు. ఆ మర్యాదకే ఆమెకు ఇంకా భయం వేసింది. మనుషులు బతుకుతాడన్న రోగిని ప్రశ్నలతో వేధిస్తారు. సంగతి తెలిసిపోయాకే ఇంత మెత్తబడతారు.

బస్సు చేలూరు నుంచి కదిలింది. ముసలాయన ఒక్కడే గొణుగుతున్నాడు, మంగళవారం చాకవేలు జాతరట, ఈసారి చేతిలో నిప్పు కాలని ఆయమ్మ మళ్ళీ కర్పూరం పడుతుందట, పోయి చూడాలని. చౌడమ్మ ఎడమ అరచేతిని తిరగేసి ఒళ్ళో పెట్టుకుంది. పాత బొబ్బల మచ్చలు మూడు, తెల్లగా. అన్న మొహం కళ్ళ ముందుకు వచ్చింది. కర్పూరం పడితే ఒక్క పూట కాలుతుంది, అదీ తనకు తెలియదు. పట్టకపోతే పుట్టిల్లు పోతుంది. ఆపరేషన్ బల్ల మీద బోర్లా పడుకుంటే కాళ్ళతో లేస్తుందో లేదో. పడుకోకపోతే ఈ వేళ్ళ వెనకే చెయ్యి, చెయ్యి వెనకే కాలు. ఎటు తిరిగినా భయం ఎదురుగానే నిలబడి ఉంది.

చింతామణి బస్టాండులో జనం దిగారు. ధనుంజయ ఒక కాగితం చించి రాసి ఆమెకు అందించాడు.

“మీ షెడ్డు ఆయమ్మకి ఈయండి. వెన్నుపాము డాక్టర్లు చూసేది మంగళవారమే. అడుగున నా నంబరు ఉండాది. ముందు రోజు ఒక్క ఫోన్ చేస్తే గేటుకాడ నేనే నిలబడి ఉంటాను.”

“మంగళవారమే?”

“ఆ దినం తప్పితే మళ్ళా వారం.”

ఆమె కాగితం కుడిచేత్తో తీసుకుని రవికలో పెట్టుకుంది. తరువాత సంచిలోంచి పసుపుగుడ్డ తీసి అతని చేతిలో పెట్టింది.

“ఇది మీ మంచేనహళ్ళి ఆయమ్మకి ఈ నాయనా.”

అతను విప్పి చూసి తత్తరపడ్డాడు. “తాంబూలం కదమ్మా! ఎవరో మీకిచ్చింది...”

“నేను తీసుకోకూడనిది తీసుకుంటిని. గంగి ఇచ్చిందని చెప్పు. ఉడుకు తెలీడంలేదంట అని చెప్పు.”

ధనుంజయ పసుపుగుడ్డను మళ్ళీ మడిచి రెండు చేతులా పట్టుకున్నాడు. సంచిలో పై కాగితం గాలికి కొట్టుకుంటోంది.

“మీ కాగితంలో మొదటి ప్రశ్న ఏముండాది?” అంది చౌడమ్మ.

“మనిషి నడుస్తాండాదా అని.”

“చూసి రాసుకో.”

తిరిగింది. షెడ్డు దారి కుడివైపు. అంబిక ఈపాటికి చౌడమ్మ చక్రం పక్కన చన్నీళ్ళ గిన్నె పెట్టి ఎదురుచూస్తూ ఉంటుంది. చౌడమ్మ ఎడమవైపు, టమాటా మార్కెట్టు దారి పట్టింది. అక్కడ ఆంజనేయప్ప లారీకి పెట్టెలు ఎత్తుతూ ఉంటాడు. రెండు నెలలుగా అతనికి చెప్పని మాట ఒకటి చెప్పాలి. మోకాళ్ళు వణుకుతున్నాయి. అది జబ్బో భయమో ఆమెకే తెలియడం లేదు. వెనక నుంచి ధనుంజయ తన మడమలనే చూస్తున్నాడని తెలుసు. కిందికి చూడకూడదనుకుంది. కుడి చెప్పు టప్‌మంది. ఎడమకాలి కింద ఏముందో తెలియదు. చెవి రిక్కించింది. లారీ హారన్ల మధ్య, ఒక్క క్షణం ఆలస్యంగా, అదీ టప్‌మంది.